బడిపంతులు రహీం సాబ్

వరల్డ్ కప్ వచ్చిందంటే మన హాస్టల్ రెండు ముక్కలవుతుంది. మెస్సీ వాళ్లు ఒక వింగ్, రొనాల్డో వాళ్లు ఇంకో వింగ్. హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో చేరిన సీనియర్లైతే ఇంకో మెట్టు పైన ఉంటారు. మైక్రోబ్రూవరీకి పోయి, అక్కడే తయారుచేసిన గోధుమ బీరో, నల్ల బీరో ముందు పెట్టుకుని, పెద్ద స్క్రీన్ మీద మ్యాచ్ చూస్తారు. ఏ బీరుకి ఏ మాల్ట్, ఏ టీమ్‌కి ఏ ఫార్మేషన్ అని రెండూ ఒకే ఊపులో మాట్లాడతారు. అందులో తప్పేం లేదు. కానీ ఆ స్క్రీన్ ఉన్న ఊర్లోనే, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన ఒక మాస్టారు భారత ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా విజేతగా నిలబెట్టారని, ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లారని ఆ టేబుల్ దగ్గర ఎంతమందికి తెలుసు?

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చాక ఆయన పేరు కొంచెం బయటికి వచ్చింది. అయితే సినిమా సినిమానే. దానికి విలన్లు కావాలి, పాటలు కావాలి, ఆఖరి నిమిషం టెన్షన్ కావాలి. రహీం సాబ్ అసలు జీవితంలో టెన్షన్‌కి కొదవ లేదు గానీ, ఎక్కువ భాగం మాత్రం ఒక టీచర్ రోజూ పొద్దున్నే లేచి చేసే పనే. నాకు ఆ పనే ఎక్కువ నచ్చింది. అందుకే రాస్తున్నా.

పాఠం చెప్పే మనిషి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలం. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడి ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడారు. తర్వాత స్థానిక లీగ్‌లో మంచి పేరున్న కమర్ క్లబ్‌కి ఆడారు. డిగ్రీ చేతికి వచ్చాక టీచర్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా బడులు మారుతూ పోయారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి, ఆటల బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనలో చాలామంది చదువుకున్న బడుల్లో పీఈటీ పీరియడ్ అంటే ఏంటి? మ్యాథ్స్ సార్ సిలబస్ పూర్తి కాలేదని వచ్చి లాక్కునే పీరియడ్. పదో తరగతిలో అది టైమ్‌టేబుల్‌లో మాత్రమే ఉంటుంది. ఆటలు నేర్పే మాస్టారికి స్టాఫ్ రూమ్‌లో ఉండే గౌరవం ఎంతో అందరికీ తెలుసు. రహీం మాత్రం డిగ్రీ చదివి, క్లాసులో పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉండి, కావాలని ఆ వైపు వెళ్లారు. ఆటను కూడా ఒక సబ్జెక్టులా సిలబస్ వేసి నేర్పొచ్చని ఆయన నమ్మారు. ఆయన తర్వాత చేసిందంతా ఈ నమ్మకం నుంచి వచ్చిందే.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. అక్కడ ఆయన పెట్టిన పోటీలు వింటే నవ్వొస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. ఒకటి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్. బంతి కాలికి తగిలించుకుని ఒక్కడే నలుగురిని దాటుకుంటూ పోవడం కుదరదు. వచ్చిన బంతిని వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. ఇంకోటి బలహీనమైన కాలి టోర్నమెంట్. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో ఆడాలి.

ఎందుకంటే అప్పటి మన ఫుట్‌బాల్‌లో హీరో అంటే డ్రిబ్లింగ్ చేసేవాడే. జనం చప్పట్లు కొట్టేది దానికే. రహీం లెక్క వేరు. మనిషి ఎంత పరిగెత్తినా బంతి అంతకంటే వేగంగా పోతుంది, కాబట్టి పరిగెత్తాల్సింది బంతి. నేల మీద చిన్న చిన్న పాస్‌లు, రెండు కాళ్లూ వాడటం, అవసరమైతే ఒకరి స్థానంలోకి ఒకరు మారడం. మాటల్లో చెబితే ఇది ఎవరికీ ఎక్కదు. అందుకే ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, ఆట రూల్సే మార్చేశారు. ఆ రూల్స్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడిన కుర్రాడికి అలవాటు దానంతట అదే వస్తుంది. మన కోడింగ్ ల్యాబ్‌లో లైబ్రరీ ఫంక్షన్ వాడకుండా ప్రోగ్రామ్ రాయమంటారు చూడండి, అచ్చం అలాంటిదే.

పోలీసుల జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు రహీం కోచ్‌గా ఉన్న కాలం ఒక కథలాంటిది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957లో గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారాక 1961లో మోహన్ బగాన్‌ను ఫైనల్లో ఓడించి మళ్లీ తెచ్చుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా రెండుసార్లు గెలిచింది.

ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులవి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్. వాళ్ల దగ్గర డబ్బుంది, జనం ఉన్నారు, పేపర్లు ఉన్నాయి. అలాంటి చోట్ల కానిస్టేబుల్ ఉద్యోగాల మీద బతికే కుర్రాళ్ల జట్టు వచ్చి కప్పులు ఎత్తుకెళ్లిందంటే, అది ఊరికే జరగదు.

తులసీదాస్ బలరామ్ సంగతి చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. రహీం అతని ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి రోజూ రావాలంటే అద్దె సైకిల్ కావాలి. ఆ అద్దె డబ్బులు ఇంట్లో లేవు. రహీం తన జేబులోంచి ఇచ్చారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్‌లో భారత జట్టులో ఉన్నాడు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులని ఈరోజుకీ అంటారు. వాళ్లలో ఒకరు మన సికింద్రాబాద్ పిల్లవాడు. అద్దె సైకిల్ ఖర్చంత పెట్టుబడి.

పది గోల్స్ తర్వాత

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. అది ఎలాంటి కాలమో చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అనే ప్రశ్న గాల్లో ఉంది. అలాంటి రోజులు దాటి మూడేళ్లు కూడా కాకముందే ఒక హైదరాబాదీ ముస్లిం టీచర్ చేతికి దేశం తన ఫుట్‌బాల్ జట్టును ఇచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత్ ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో దాటి, ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది మేవాలాల్. కెప్టెన్ శైలేన్ మన్నా. కొత్త దేశానికి ఫుట్‌బాల్‌లో తొలి బంగారం.

మరుసటి ఏడాదే నేల మీదికి దిగాల్సి వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్. చలి. ఎదురుగా యుగోస్లావియా. మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు, వట్టి కాళ్లతో ఆడటమే అలవాటు. 1948 లండన్‌లో అలాగే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో మాత్రమే ఓడారు కాబట్టి అది ఒక గొప్పగా కూడా చెప్పుకునేవారు. హెల్సింకిలో ఆ గొప్ప పనిచేయలేదు. స్కోరు 10-1.

పది గోల్స్. ఇలాంటి ఓటమి తర్వాత మామూలుగా ఏం జరుగుతుంది? కోచ్‌ని తిడతారు, వాతావరణాన్ని తిడతారు, మనకు ఈ ఆట రాదని తేల్చేస్తారు. ఇక్కడ మాత్రం ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. రహీం జట్టు ఆడే పద్ధతినే మొదటి నుంచి మార్చడం మొదలుపెట్టారు. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే. బయట ఆడాల్సింది 90. ఆ మిగతా 20 నిమిషాలకి ఊపిరి కావాలి, అంటే ఫిట్‌నెస్ కావాలి. ఐదుగురు ముందు, ముగ్గురు మధ్యలో, ఇద్దరే వెనక ఉండే పాత అమరిక యూరప్ జట్ల ముందు నిలవదు, అంటే కొత్త అమరిక కావాలి. 1958లో బ్రెజిల్ 4-2-4తో వరల్డ్ కప్ గెలిచింది. అది ప్రపంచానికి తెలిసేలోపే రహీం ఆ పద్ధతిని మనవాళ్లతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. ఇంటర్నెట్ లేదు, మ్యాచ్ వీడియోలు లేవు. చూసింది గుర్తుపెట్టుకోవడం, ఆలోచించడం, మైదానంలో ప్రయత్నించడం. అంతే ఆయన దగ్గరున్న ల్యాబ్.

మెల్‌బోర్న్, 1956

మా మాధవరం ఒక పక్క ఆదోని, ఇంకో పక్క ఎమ్మిగనూరు ఉండే ప్రాంతం. మా ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలు జిల్లాలోకి, కర్నూలు రాజధానిలోకి వచ్చాం. మూడేళ్లు తిరిగేసరికి 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది, రాజధాని హైదరాబాద్‌కి పోయింది. రాజధాని పోయిందన్న బాధ మా వైపు పెద్దల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఆ నెల గురించి ఇంకో విషయం ఎవరూ చెప్పరు. రాష్ట్రం పుట్టిన నెలకి, అదే రాష్ట్రానికి చెందిన కుర్రాళ్లు ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఆడుతున్నారు.

మెల్‌బోర్న్ జట్టులో హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికర్, బలరామ్ ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. కెప్టెన్ బెంగాల్‌కి చెందిన సమర్ బెనర్జీ. కోచ్ రహీం. మొదటి రౌండ్‌లో హంగేరీ రాలేదు. ఆ దేశంలోకి అప్పుడే సోవియట్ ట్యాంకులు దిగాయి. డిసెంబర్ 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో మ్యాచ్. 4-2తో గెలిచాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

సెమీస్‌లో ఎదురైంది ఎవరనుకుంటున్నారు? మళ్లీ యుగోస్లావియా. సెకండ్ హాఫ్‌లో డిసౌజా ముందు గోల్ కొట్టాడు. కొన్ని నిమిషాల పాటు భారత్ ఒలింపిక్ ఫైనల్ వైపు నడుస్తోంది. తర్వాత వాళ్లు తిరగబడ్డారు, 4-1తో ఓడాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం.

నాలుగో స్థానానికి పతకం ఉండదు, ఫోటో ఉండదు. కానీ నాకైతే రహీం సాబ్ జీవితంలో అన్నిటికంటే గొప్ప అంకె ఇక్కడే కనిపిస్తుంది. అదే ప్రత్యర్థి. 1952లో తొమ్మిది గోల్స్ తేడా. 1956లో మూడు గోల్స్ తేడా, అదీ ముందు మనమే ఆధిక్యంలోకి వెళ్లి. నాలుగేళ్లు. మన బీటెక్ ఎంతకాలమో అంత.

1960 రోమ్‌లో గ్రూప్ దాటలేదు. కానీ ఆ గ్రూప్‌లో ఎవరున్నారో చూడాలి. ఆ ఒలింపిక్స్‌లో కంచు గెలిచిన హంగేరీ చేతిలో 2-1తో ఓడాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ మీద 3-1 ఓటమి. ఫ్రాన్స్‌తో డ్రా అనే మాట ఈరోజు చెబితే మన హాస్టల్‌లో ఎవడూ నమ్మడు. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. తండ్రి కోచ్. అయినా ఆయనకు ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. హకీం తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు, ఫిఫా రిఫరీ అయ్యారు, ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. కొడుకన్న కారణంగా స్థానం ఇవ్వని కోచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన చుట్టూ జరిగే సెలక్షన్లు గుర్తుచేసుకుంటే చాలు.

జకార్తా

రహీం సాబ్ సిగరెట్లు బాగా తాగేవారు. ఒకటి ఆరకముందే ఇంకోటి. 1962 నాటికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను పట్టుకుంది. ఆ ఒంటితోనే ఆసియా క్రీడలకు జకార్తా వెళ్లారు.

అక్కడి వాతావరణం ఒక టోర్నమెంట్ వాతావరణం కాదు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. భారత్‌కి చెందిన క్రీడా అధికారి జి.డి. సోంధి దానికి అభ్యంతరం చెప్పారు. అది పెద్ద గొడవైంది. జనం భారత రాయబార కార్యాలయం మీద పడ్డారు. ఆ కోపమంతా మైదానంలో మన ఆటగాళ్ల మీదికి వచ్చింది. మన జెండా కనిపిస్తే అరుపులు, జాతీయగీతం వస్తే అరుపులు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. కొరియా అంటే అప్పటిదాకా జరిగిన రెండు ఆసియా కప్‌లూ, 1956లో ఒకటి, 1960లో ఒకటి, గెలిచిన జట్టు. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం, కానీ డిఫెన్స్‌కి వెన్నెముక అయిన జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో.

ఇప్పుడు కోచ్ ఏం చేయాలి? తలకు కుట్లు పడిన డిఫెండర్‌ని వెనక ఆడిస్తే, గాల్లో వచ్చే ప్రతి బంతికీ తల పెట్టాలి, ప్రమాదం. కూర్చోబెడితే అంత బలమైన ఆటగాడు పోతాడు. రహీం అతన్ని తీసుకెళ్లి ముందు పెట్టారు. సెంటర్ ఫార్వర్డ్‌గా. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఆయనకు గుర్తుంది. వెనక అతని స్థానాన్ని అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. సెమీఫైనల్లో చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి. 3-2తో ఫైనల్.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. అప్పటిదాకా గోల్ కాసిన ప్రద్యుత్ బర్మన్ బాగానే ఆడుతున్నాడు. అయినా కొరియా వాళ్లు ఎత్తు బంతులు వేస్తారని, జ్వరం నుంచి అప్పుడే తేరుకున్న పొడగరి తంగరాజ్‌ని రహీం దింపారు. ఒకసారి మన మీద గెలిచిన జట్టు ఎలా ఆడుతుందో చూసి, దానికి తగ్గట్టు రెండు మార్పులు. గుడ్డిగా తీసుకున్న రిస్కులు కావు ఇవి.

ముందు రోజు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదట. రహీం వాళ్లను జకార్తా వీధుల్లో నడకకి తీసుకెళ్లారు. నడుస్తూ నడుస్తూ, తనకు రేపు ఒక కానుక కావాలని, ఆ బంగారం ఇవ్వమని అడిగారు. ఆయన ఒంట్లో ఏముందో తెలిసినా తెలియకపోయినా, అడిగిన తీరు వాళ్లకు తగిలింది. ఆ రాత్రి గురించి ఆ జట్టువాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా చెప్పుకున్నారు.

1962 సెప్టెంబర్ 4. లక్షమంది దాకా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్. 20వ నిమిషంలో తలకు కట్టుతో జర్నైల్ సింగ్ గోల్. కొరియా ఒక గోల్ కొట్టేసరికి మ్యాచ్ చివరి నిమిషాల్లోకి వచ్చేసింది. 2-1. బంగారం.

ఆ రోజు ఆడిన పదకొండుమందిలో మన వైపు నుంచి తంగరాజ్, బలరామ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన ఆఖరి బంగారం అదే.

1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయారు. జకార్తా తర్వాత పూర్తిగా తొమ్మిదిన్నర నెలలు కూడా లేదు. వయసు 53.

తర్వాత ఏమైంది

అర్జున అవార్డుల జాబితా తీసి ఫుట్‌బాల్ వరుస చూడండి. 1961 పి.కె. బెనర్జీ, 1962 బలరామ్, 1963 చునీ గోస్వామి, 1964 జర్నైల్ సింగ్, 1965 అరుణ్ ఘోష్, 1966 యూసుఫ్ ఖాన్, 1967 తంగరాజ్. వరుసగా ఏడేళ్లు, ఏడుగురూ జకార్తా ఫైనల్ ఆడినవాళ్లే. వాళ్లను తయారుచేసిన మనిషికి మాత్రం దేశం ఏ పద్మ అవార్డూ ఇవ్వలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఉత్తమ కోచ్‌కి ఇచ్చే ఒక ఫుట్‌బాల్ అవార్డుకు ఆయన పేరు పెట్టారు, అదొక్కటే తృప్తి.

ఆయన వేసిన బలం కొన్నాళ్లు నడిచింది. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానం. 1965లో ఆంధ్రప్రదేశ్‌కి సంతోష్ ట్రోఫీ. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు, అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం లేదు. కొరియా, జపాన్ మాత్రం వరల్డ్ కప్‌లలో రెగ్యులర్‌గా ఆడుతున్నాయి. ఒకప్పుడు ఒకే టోర్నీలో ఆ రెండింటినీ ఓడించిన జట్టు మనది.

క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ని మింగేసిందని అంటుంటారు. అది సగం నిజం. మిగతా సగం బడి దగ్గర ఉంది. రహీం సాబ్ జట్టు మొదలైంది స్టేడియంలో కాదు, స్కూల్ గ్రౌండ్‌లో. పిల్లవాడి ఆట చూసి, వాడి ఇంటి పరిస్థితి కనుక్కుని, సైకిల్ అద్దె ఇచ్చే టీచర్ ఉండటంతో మొదలైంది. గ్రౌండ్ లేని స్కూళ్లకు పర్మిషన్లు ఇచ్చి, పీఈటీ పీరియడ్‌ని సిలబస్‌కి బలిచ్చి, తర్వాత నూట నలభై కోట్లమందిలో పదకొండుమంది దొరకరా అని అడగడం న్యాయం కాదు. దొరుకుతారు. వెతికే పని చేసేవాళ్లు కావాలి.

ఆ పని పూర్తిగా ఆగిపోలేదు కూడా. మా పక్క జిల్లా అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల మైదానాల్లో పల్లె పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్ గెలిచింది. అందులో మన ఊళ్ల కుర్రాళ్లు తక్కువే గానీ, కప్ మీద మన ఊరి పేరైతే పడింది.

ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న మనకు పెప్ గార్డియోలా తెలుసు, టికి టాకా తెలుసు, ఎవరు ఏ క్లబ్‌కి ఎంతకు అమ్ముడుపోయారో తెలుసు. చిన్న పాస్‌లతో, స్థానాలు మార్చుకుంటూ ఆడే ఆటను యాభైల్లోనే ఒక హైదరాబాద్ టీచర్ స్కూలు పిల్లలకు నేర్పారన్నది కూడా ఆ జాబితాలో చేరాలి. ఆయన మీద గర్వపడటానికి మనం బెంగాలీలమో, సినిమా వాళ్లమో కానక్కర్లేదు.

చివరగా మన స్పోర్ట్స్ కమిటీకి ఒక విన్నపం. ఈసారి యాన్యువల్ ఫెస్ట్‌లో మామూలు ఫుట్‌బాల్ టోర్నీతో పాటు ఇంకో చిన్నది పెడదాం. ఐదుగురేసి ఆటగాళ్లు, డ్రిబ్లింగ్ లేదు, బలహీనమైన కాలితోనే ఆడాలి. బ్రాంచ్‌కి ఒక టీమ్. పోస్టర్ మీద రహీం సాబ్ పేరు వేద్దాం. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు మన క్లబ్ గ్రూప్‌లో చెప్పండి. సీఎస్ఈ టీమ్‌లో ఇప్పటికి ముగ్గురం ఉన్నాం, ఇంకో ఇద్దరు కావాలి. గోల్‌కీపర్ ఎవరైనా పొడగరి ఉంటే మరీ మంచిది.